మొదటి నవల: రాతప్రతి నుంచి అచ్చు పుస్తకం దాకా, వరుస తప్పకుండా

"నవల పూర్తయింది, ఎవరికి పంపాలి?" "సొంతంగా వేసుకుంటే ఎంతవుతుంది?" "ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) ఎవరిస్తారు?" మొదటి నవల రాసినవాళ్ల దగ్గర్నుంచి ఇవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను.

మొదటి పుస్తకం విషయంలో డబ్బు, మనశ్శాంతి రెండూ పోయేది ఎక్కువగా పనుల వరుస తప్పడం వల్లే. దిద్దకుండానే డీటీపీకి (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పనికి) ఇస్తారు. పేజీల లెక్క తేలకుండానే అట్ట వేయిస్తారు. ఎవరు కొంటారో తెలియకుండానే వెయ్యి కాపీలు కొట్టించి మంచం కింద పెట్టుకుంటారు. కింద రాసినవి ఉన్న వరుసలోనే చేయండి. ఒకటి ముగియకుండా రెండోది ముట్టుకోకండి.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

నిడివి. తెలుగు నవలలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో, అంటే దాదాపు 5.5 × 8.5 అంగుళాల్లో వస్తాయి. ఆ పేజీలో సుమారు 200 నుంచి 230 మాటలు పడతాయి. 45,000 మాటలు రాస్తే సుమారు 195 నుంచి 225 పేజీలవుతుంది. "నవలంటే 80,000 మాటలు" అని ఇంటర్నెట్‌లో కనిపించేది ఇంగ్లిష్ లెక్క. తెలుగులో ప్రత్యయాలు మాటకు అతుక్కునే ఉంటాయి కాబట్టి అంతే కథ చాలా తక్కువ మాటల్లో సరిపోతుంది. ఆ అంకె కోసం కథను సాగదీయకండి.

టైపింగ్. మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతిలో) కొట్టండి. ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో లేఖిని (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే వెబ్‌సైట్), ఏది అలవాటైతే అది. నోటితో చెప్పి టైపు చేయించుకునేవాళ్లు ఏ రోజు భాగాన్ని ఆ రోజే సరిచూసుకోవాలి. ఫుల్‌స్టాపులు, కొటేషన్లు లేని పేజీలు వంద పోగయ్యాక దిద్దడం నరకం.

పోటీకా, కాదా. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు, వారపత్రికలు పెట్టే నవలల పోటీలకు పంపే ఉద్దేశం ఉంటే ఒక్క అధ్యాయం కూడా ఫేస్‌బుక్‌లోగానీ ప్రతిలిపి లాంటి కథల యాప్‌లోగానీ పెట్టకండి. ఎక్కడా ప్రచురితం కాకూడదనే షరతు ఈ పోటీల్లో మామూలే. సోషల్ మీడియా కూడా అందులోకే వస్తుంది.

## 2. మొదటి డ్రాఫ్ట్

దీని గురించి ఎక్కువ చెప్పను. వెనక్కి వెళ్లి దిద్దకుండా చివరిదాకా రాయండి. మొదటి మూడు అధ్యాయాలను ముప్ఫైసార్లు చెక్కుతూ నాలుగోది మొదలుపెట్టనివాళ్లు చాలామంది ఉన్నారు. మధ్యలో పాత్ర పేరు మార్చాలనిపిస్తే పక్కన చదరపు బ్రాకెట్‌లో రాసుకుని ముందుకు సాగిపోండి.

మొత్తం నవల ఒకే ఫైల్‌లో ఉండాలి. వారానికోసారి ఆ ఫైల్‌ను తేదీతో సహా మీకు మీరే మెయిల్ చేసుకోండి. పూర్తయ్యాక కనీసం నెల రోజులు దాన్ని తెరవకండి.

## 3. తిరగరాయడం: మూడు విడతలు

అన్నీ ఒకేసారి దిద్దుదామంటే ఏదీ సరిగా దిద్దలేరు. ఒక్కో విడతలో ఒక్క సంగతే చూడండి.

మొదటి విడత, కథ. ప్రతి అధ్యాయానికీ రెండు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, దానివల్ల ఏం మారింది. రెండో వాక్యం రాయలేకపోతే ఆ అధ్యాయం తీసేయొచ్చు, లేదా పక్కదాంట్లో కలిపేయొచ్చు. మొదటి నవలల్లో ఎక్కువసార్లు ఎగిరిపోయేది ఒకటో అధ్యాయమే. ఊరి వర్ణన, వంశవృక్షం, కథానాయకుడి నిద్రలేవడం అన్నీ అక్కడే ఉంటాయి.

రెండో విడత, కాలం, వాస్తవం. పాఠకుడు దొరకబుచ్చుకునేది ఇక్కడే. ఒక కాగితం మీద ఏడాది, నెల, పాత్రల వయసులు గీతలు గీసి రాసుకోండి. తరచుగా దొర్లే తప్పులు ఇవి:

- దీపావళి రాత్రి వెన్నెల. అది అమావాస్య.
- 2010లో జరిగే కథలో సిద్దిపేట జిల్లా. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016 అక్టోబరులో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 26 జిల్లాలైంది 2022 ఏప్రిల్‌లో.
- 2014లో జియో సిమ్. ఆ సర్వీసు జనానికి అందింది 2016 సెప్టెంబరులో.
- 2017లో వెయ్యి రూపాయల నోటు. 2016 నవంబరు 8 రాత్రే రద్దయింది.
- తేదీ, వారం పొంతన లేకపోవడం. ఫోన్ క్యాలెండర్ వెనక్కి తిప్పితే తేలిపోతుంది.
- వరి కోతల వేళ నాట్లు. మీ కథ జరిగే ఊళ్లో ఆ పంట ఏ నెలలో ఏ దశలో ఉంటుందో అక్కడి రైతును అడగండి.

సినిమా పాటల చరణాలు యథాతథంగా పెట్టేవాళ్లకు ఇంకో మాట. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంతకాలం, పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. అనుమతి లేకుండా పల్లవులు వాడకండి. "రేడియోలో ఏదో పాత పాట" అంటే కథకు వచ్చే నష్టమేమీ లేదు. బతికున్న మనుషుల కథను పేర్లు మార్చి రాస్తున్నా, ఊరు, ఉద్యోగం, ఇంటి గుర్తులు కూడా మార్చండి. "ఇందులోని పాత్రలు కల్పితం" అనే ఒక్క వాక్యం అన్నిసార్లూ కాపాడదు.

మూడో విడత, భాష. ఒక స్పెల్లింగ్ షీట్ తయారుచేసుకోండి. వెళ్లి/వెళ్ళి, నుంచి/నుండి, ఏమిటి/యేమిటి, చేయి/చెయ్యి, ఇంగ్లిష్/ఇంగ్లీషు. రెండూ చెల్లుతాయి, కానీ పుస్తకమంతా ఒక్కటే ఉండాలి. కథనం ప్రామాణిక భాషలో, సంభాషణలు మాండలికంలో అనుకుంటే ఆ గీత దాటకండి. పాలమూరు అవ్వ ఒక పేజీలో తన యాసలో మాట్లాడి, తర్వాతి పేజీలో వార్తలు చదివినట్టు మాట్లాడితే పాత్ర చచ్చిపోతుంది. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో కూడా రాసుకోండి: అత్త, అత్తమ్మ, అత్తయ్య ఒకే ఇంట్లో కలిసిపోవడం నేను చూసిన రాతప్రతుల్లో మామూలు సంగతి.

చివరగా మొత్తం పైకి చదవండి. ఊపిరి ఆగిపోయే వాక్యాన్ని రెండు చేయండి.

## 4. చదివిపెట్టేవాళ్లు

ముగ్గురు చాలు. ఒకరు నవలలు బాగా చదివేవాళ్లు, ఒకరు కథలోని ప్రాంతమో వృత్తో తెలిసినవాళ్లు, ఒకరు మిమ్మల్ని మెచ్చుకోవాల్సిన అవసరం లేనివాళ్లు. ఇంట్లోవాళ్లు ఈ లెక్కలోకి రారు.

"ఎలా ఉంది?" అని అడిగితే "బావుంది" అంటారు. అలా కాకుండా ఇవి అడగండి:

- ఎక్కడ చదవడం ఆపేసి పక్కన పెట్టారు?
- ఏ పాత్ర ఎవరో మర్చిపోయి వెనక్కి తిప్పారు?
- ఏది ముందే ఊహించారు?

ఇద్దరు ఒకేచోట తట్టుకున్నారంటే అక్కడ తప్పుంది. వాళ్లు చెప్పిన పరిష్కారం మాత్రం అలాగే తీసుకోనక్కర్లేదు. పరిష్కారం మీరే వెతుక్కోవాలి.

డబ్బు పెట్టగలిగితే ఎడిటర్‌కి పెట్టండి. ఎడిటింగ్ వేరు, ప్రూఫ్ చూడటం వేరు. అచ్చుతప్పులు దిద్దినవాళ్లను ఎడిటర్ అనుకోకండి.

## 5. ప్రచురణకర్తా, సొంతంగానా?

ముందు ప్రచురణకర్త జాబితా చూడండి. కొత్త నవలలు వేస్తున్నారా, మీ తరహావి వేస్తున్నారా అన్నది వాళ్ల పుస్తకాలే చెబుతాయి. అనువాదాలే వేసే సంస్థకు మీ ప్రేమకథ పంపి ఆరు నెలలు ఎదురుచూడటం అనవసరం. పంపేటప్పుడు ఒక పేజీ సారాంశం (ముగింపుతో సహా), మొదటి మూడు అధ్యాయాలు, మీ గురించి నాలుగు వాక్యాలు ఉంటే చాలు. రెండు నెలల తర్వాత ఒకసారి గుర్తుచేయొచ్చు.

ఇక అందరూ నసుగుతూ అడిగే ప్రశ్న: "రచయితే డబ్బులు పెట్టుకోవాలంటున్నారు, పెట్టొచ్చా?" పెట్టొచ్చు. తెలుగులో అది సిగ్గుపడే సంగతేమీ కాదు. కానీ అప్పుడది వాళ్ల పేరుతో మీరు వేసుకుంటున్న పుస్తకం. ఖర్చు మీదైతే మిగిలిన కాపీలు, ఫైళ్లు, హక్కులు కూడా మీవే కావాలి. ఖర్చు మీది, హక్కులు వాళ్లవి అనే ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

నోటిమాటతో కుదిరే ఒప్పందాలే మన దగ్గర ఎక్కువ. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలని 1957 కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. అందులో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని లెక్క. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరుగా రాసుకుంటే తప్ప, ఆ బదిలీ చెల్లకుండా పోతుంది. పుస్తకం వేస్తామని తీసుకుని మూడేళ్లు మూలన పడేసినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి:

- [ ] ఏ హక్కులు? అచ్చు మాత్రమేనా, ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ కూడానా? మొదటి నవలకు అచ్చు హక్కు ఒక్కటే ఇవ్వండి.
- [ ] ఎన్నేళ్లు, ఎన్ని కాపీలు?
- [ ] రాయల్టీ ఎంత, వెల మీదా, వచ్చిన సొమ్ము మీదా? వెల మీద 10 శాతం అన్నది తరచుగా వినిపించే అంకె.
- [ ] లెక్కలు ఏ నెలలో చూపిస్తారు?
- [ ] రచయితకు ఎన్ని కాపీలు ఉచితం, మిగతావి ఎంత తగ్గింపుతో ఇస్తారు?
- [ ] పుస్తకం మార్కెట్‌లో దొరకకపోతే హక్కులు ఎప్పుడు తిరిగొస్తాయి?

సీరియల్‌గా యాప్‌లో పెట్టేవాళ్లు ఇదే జాబితా పట్టుకుని ఆ యాప్ షరతులు కూడా చదవాలి. "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ నొక్కడమూ సంతకంలాంటిదే.

## 6. డీటీపీ, ప్రూఫులు

పుస్తకం పరువు నిలిచేదీ, పోయేదీ ఇక్కడ. ఇక మాట కూడా మార్చనని నిర్ణయించుకున్నాకే ఫైల్ ఇవ్వండి. పేజీలు కట్టాక ఒక పేరా పెంచితే అధ్యాయమంతా జరుగుతుంది, డీటీపీ ఆయన విసుక్కోవడం న్యాయమే.

మొదట అడగాల్సింది: యూనికోడ్‌లోనే చేస్తారా, అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మారుస్తారా? ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతోనే పని జరుగుతోంది. అక్షరాలు అందంగానే ఉంటాయి, కానీ మార్పిడిలో కొన్ని విరుగుతాయి. ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తో చేసేవాళ్లయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి.

మార్పిడి తర్వాత ప్రత్యేకంగా వెతకాల్సినవి:

- పొల్లు పోయి ఒత్తుగా మారిన ఇంగ్లిష్ మాటలు. ఫేస్‌బుక్ కాస్తా ఫేస్బుక్ అవుతుంది, ఆఫీస్‌లో కాస్తా ఆఫీస్లో అవుతుంది. మీ నవలలో ఇలాంటి మాటల జాబితా ముందే రాసి డీటీపీ చేసేవాళ్లకు ఇవ్వండి.
- జంటాక్షరాలు. బ్రహ్మ, జ్ఞానం, లక్ష్మి, స్త్రీ వంటివి. ఒక్కటి విరిగిందంటే పుస్తకమంతా విరిగి ఉంటుంది.
- కొటేషన్ గుర్తులు. తెరిచేది మూసేదిగా, మూసేది తెరిచేదిగా తిరగబడతాయి.
- లైన్ చివర మాట విరుపు. మాటను ఎక్కడపడితే అక్కడ తుంచితే తర్వాతి లైను సున్నాతోనో దీర్ఘంతోనో మొదలవుతుంది.
- లైన్ల మధ్య ఎడం. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. అక్షరం 12 పాయింట్లయితే లైను ఎడం 17కు తగ్గనివ్వకండి. పేజీలు మిగులుతాయని ఇరికిస్తే నలభై దాటినవాళ్లెవరూ చదవలేరు.

ప్రూఫులు మూడుసార్లు:

మొదటి ప్రూఫ్ కాగితం మీద తీయించండి. స్క్రీన్ మీద కన్ను మోసపోతుంది. మీ ఫైల్ పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చండి, ఎక్కడో ఒక పేరా ఎగిరిపోయి ఉండొచ్చు. ద/ధ, న/ణ, ల/ళ, శ/ష/స జంటలు, ఘ/ఝ తారుమారు చూడండి.

రెండో ప్రూఫ్ మీరు చూడకండి, ఇంకొకరికి ఇవ్వండి. రాసినవాళ్లకు తమ తప్పు కనిపించదు, అక్కడ ఉండాల్సింది కనిపిస్తుంది.

మూడోది ప్రెస్‌కి వెళ్లే పీడీఎఫ్. ఇందులో కథ చదవొద్దు. పేజీ నంబర్లు, అధ్యాయాల పేర్లు, విషయసూచిక, రెండో ప్రూఫ్‌లో చెప్పిన దిద్దుబాట్లు జరిగాయా, ఒకటి దిద్దబోయి పక్కది చెడగొట్టారా అన్నవే చూడాలి.

దిద్దుబాట్లన్నీ డీటీపీ ఫైల్‌లోనే జరుగుతాయి కాబట్టి మీ దగ్గరున్న వర్డ్ ఫైల్ పాతబడిపోతుంది. రేపు ఈబుక్‌కో, అనువాదానికో, రెండో ముద్రణకో ఏ ఫైల్ ఇస్తారు? దిద్దుబాట్లన్నీ ఎక్కిన యూనికోడ్ ఫైల్, డీటీపీ అసలు ఫైల్, పీడీఎఫ్, మూడూ డబ్బులిచ్చే రోజునే తీసుకోండి. తర్వాత అడిగితే "ఆ సిస్టమ్ క్రాష్ అయిందండీ" అనే మాట వినాల్సిరావచ్చు.

## 7. కాగితం, అట్ట

డెమ్మీ 1/8లో ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్ట) అంటే 16 పేజీలు. పుస్తకం 16 గుణిజాల్లో ఉంటే కాగితం వృథా కాదు: 192, 208, 224. మీది 210 పేజీలకు వచ్చిందంటే రెండు పేజీలు తగ్గించండి. ముందుమాటలు తగ్గిస్తే ఆ రెండే కాదు, ఎనిమిది తగ్గుతాయి. మొదటి నవలకు మూడు ముందుమాటలు, ఒక ఆశీస్సు, రెండు అభినందనలు ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

లోపలికి 70 జీఎస్ఎమ్ (కాగితం బరువు కొలత) మాప్‌లితో కాగితం మామూలుగా వాడేది. అవతలి పేజీ అక్షరాలు కనిపించకూడదంటే 80 తీసుకోండి. అట్టకు 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డ్, మ్యాట్ లామినేషన్.

అట్ట ముందు భాగం ఎప్పుడైనా గీయించుకోవచ్చు. కానీ వీపు (అల్మరాలో పెట్టినప్పుడు కనిపించే పక్క అంచు) వెడల్పు పేజీల లెక్క, కాగితం మందం తేలాకే తెలుస్తుంది. ఆ కొలత ప్రెస్‌వాళ్లే చెప్పాలి. ఊహించి వేస్తే పుస్తకం పేరు ముందు అట్ట మీదికో వెనక్కో జారుతుంది. డిజైన్‌ను ఫోన్‌లో గోరంత సైజుకు తగ్గించి చూడండి. పేరు చదవగలిగితేనే ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. చిత్రకారులు గీసిన బొమ్మ ఏయే అవసరాలకు వాడుకోవచ్చో ఒక మెయిల్‌లో రాయించుకోండి.

మొత్తం అచ్చుకు ముందు ఒక నమూనా కాపీ కట్టించి, మధ్యకు విరిచి తెరవండి. పేజీలు ఊడితే బైండింగ్ మార్చమనండి.

## 8. ఐఎస్‌బీఎన్

మన దేశంలో ఇది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో రచయితే సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. నంబరుకే వేలల్లో అడిగేవాళ్లకు దణ్ణం పెట్టి వచ్చేయండి. రావడానికి సమయం పట్టొచ్చు కాబట్టి మొదటి ప్రూఫ్ చూస్తున్నప్పుడే దరఖాస్తు పెట్టండి. ఈబుక్‌కు వేరే నంబరు కావాలి. మార్పుల్లేని పునర్ముద్రణకు పాతదే సరిపోతుంది.

## 9. ఎన్ని కాపీలు, ఎంత వెల

మొదటి నవలకు 300. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా 500 దాటకండి. "వెయ్యి వేస్తే కాపీ ఖర్చు తగ్గుతుంది" అన్నది నిజమే, అమ్ముడుపోని కాపీకి ఎంత తగ్గినా దండగే.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. అంకెలు ఊహించినవి, మీ కొటేషన్లు పెట్టి చూసుకోండి. 208 పేజీలు, 300 కాపీలకు ప్రెస్ ఖర్చు 36,000. ఎడిటింగ్, డీటీపీ, ప్రూఫులు, అట్ట కలిపి 27,000. మొత్తం 63,000. సమీక్షలకు, చదివిపెట్టినవాళ్లకు, లైబ్రరీలకు 40 కాపీలు పోతే అమ్మడానికి 260 ఉంటాయి. సగం మీరు నేరుగా, సగం షాపుల ద్వారా అమ్మారనుకోండి. షాపు కమీషన్ 40 శాతం.

- వెల 250 పెడితే: 130 × 250 = 32,500, షాపుల నుంచి 130 × 150 = 19,500. మొత్తం 52,000. పదకొండు వేలు నష్టం, అదీ అన్నీ అమ్ముడుపోతేనే.
- వెల 300 పెడితే: 39,000 + 23,400 = 62,400. పెట్టింది దాదాపు తిరిగొస్తుంది.

పోస్టల్ ఖర్చు కొనేవాళ్లదే అని పై లెక్క. పుస్తకాన్ని కవర్‌లో పెట్టి పోస్టాఫీసు కౌంటర్లో తూకం వేయించి, ఛార్జీ తెలుసుకున్నాకే "పోస్టేజీతో కలిపి ఇంత" అని ప్రకటించండి. అచ్చు పుస్తకాల అమ్మకానికి జీఎస్టీ లేదు.

## 10. పుస్తకాలు ఇంటికొచ్చాక

కట్టలు విప్పగానే ప్రతి కట్టలోంచీ రెండు తీసి పేజీలు తిప్పండి. ఫారం తలకిందులైనవి, తెల్ల పేజీలున్నవి ఉంటే ప్రెస్‌కి ఆ వారమే చెప్పాలి.

అచ్చు తేదీని పుస్తక ప్రదర్శనలను బట్టి వెనక్కి లెక్కేసుకోండి. హైదరాబాద్‌లో ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడలో జనవరి మొదట్లో ఉంటుంది. నవంబరు చివరికి పుస్తకం చేతిలో ఉండాలంటే మొదటి ప్రూఫ్ సెప్టెంబరులో రావాలి. డిసెంబరులో ప్రెస్‌లన్నీ క్యాలెండర్లు, డైరీలతో బిజీ.

షాపులకు, డిస్ట్రిబ్యూటర్లకు ఇచ్చిన ప్రతి కాపీకీ రసీదు తీసుకోండి. ఎక్కడ ఎన్ని, ఏ తేదీన, ఎంత కమీషన్ అన్నది ఒక నోట్‌బుక్‌లో ఉండాలి. మొదట ఒక్కో చోట పది కాపీలే ఇచ్చి, డబ్బులొచ్చాక మిగతావి ఇవ్వండి. మొహమాటపడి యాభై ఇచ్చేసినవాళ్లు తర్వాత ఫోన్లు చేసి చేసి అలసిపోతారు.

ఆవిష్కరణ సభ చేస్తే చేయండి, కానీ హాలుకు, శాలువాలకు పెట్టింది ఎడిటర్‌కి ఇచ్చినదానికన్నా ఎక్కువ కాకుండా చూసుకోండి. సభలో పుస్తకాలు అమ్మే బల్ల దగ్గర చిల్లర, యూపీఐ క్యూఆర్ కోడ్, ఒక నమ్మకమైన మనిషి ఉండాలి. రచయిత సంతకాలు పెడుతూ డబ్బులు కూడా లెక్కపెట్టుకోలేరు.

సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే కాబట్టి చట్టప్రకారం చేయాల్సిన పని ఒకటి ఉంది. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం కింద ప్రచురించిన 30 రోజుల్లో నాలుగు చోట్లకు ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి.

- [ ] నేషనల్ లైబ్రరీ, కోల్‌కతా
- [ ] కన్నెమరా పబ్లిక్ లైబ్రరీ, చెన్నై
- [ ] సెంట్రల్ లైబ్రరీ, టౌన్ హాల్, ముంబై
- [ ] ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ

మొదటి నెలలో చేయాల్సినవి ఇంకొన్ని:

- [ ] సమీక్షలకు పంపే పత్రికల జాబితా. ఎన్ని కాపీలు కోరుతున్నాయో చూసి, వెల, పేజీలు, దొరికే చోటు రాసిన చీటీ లోపల పెట్టి పంపాలి.
- [ ] వాట్సాప్‌లో పంపడానికి ఒక బొమ్మ, నాలుగు లైన్లు, కొనే నంబరు. పది పేజీల పరిచయం ఎవరూ చదవరు.
- [ ] చదివినవాళ్లు రాసిన మాటలను వాళ్లను అడిగి దాచుకోవడం.
- [ ] ఒక కాపీ మీద "దిద్దుబాటు ప్రతి" అని రాసి బీరువాలో పెట్టుకోవడం. ఎవరు ఏ అచ్చుతప్పు చూపించినా అందులో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టండి. రెండో ముద్రణకు డీటీపీవాళ్లకు ఇవ్వాల్సింది దాన్నే.